పెద్ద కన్నా? చిన్న కన్నా?

తెర మీద హీరోగారి ముఖం నిండుగా కనిపిస్తే చాలు... ఈలలు, చప్పట్లు, కాగితాల వాన! అంత పెద్ద ముఖం ఫిల్ము మీద ఎంత ఉండేదో ఎప్పుడైనా ఆలోచించారా? 1957లో వచ్చిన "మాయాబజార్"లో మార్కస్ బార్‌ట్లీగారు స్టూడియో గోడల మధ్య దీపాలు పెట్టి వెన్నెల కాయించారు గదా. ఆ వెన్నెలంతా ఇమిడిన ఫ్రేము వెడల్పు దాదాపు 22 మిల్లీమీటర్లు, ఎత్తు 16. బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. అంతే!

ఈ మిల్లీమీటర్ల పిచ్చి నాకు పట్టింది కెమేరా కొనాల్సి వచ్చినప్పుడు.

నాది మార్కాపురం. పలకల ఊరు. మీ అమ్మమ్మలూ తాతయ్యలూ "అ ఆ"లు దిద్దిన పలకల్లో కొన్నయినా మా నేల చీల్చి తీసినవే అయి ఉంటాయి. పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతుకుతున్నాను. నెల జీతం లేదు. వ్యాసంతోపాటు ఫొటోలూ పంపితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. ఇన్నాళ్ళూ సెల్‌ఫోనుతోనే నెట్టుకొచ్చాను. పలకల గనుల్లో మిట్టమధ్యాహ్నం, కంభం చెరువు కట్ట మీద సాయంకాలం ఫోను బాగానే పనిచేసింది. చిక్కల్లా రాత్రిళ్ళే! మా పడమటి పల్లెల్లో ఇప్పటికీ తిరునాళ్ళకు పౌరాణిక నాటకాలు ఆడతారు. ఒక హార్మోనియం, రంగుల పరదా, పైన రెండు ట్యూబులైట్లు. గిద్దలూరు దగ్గర పల్లెలో ఆడిన నాటకం మీద వ్యాసం రాస్తే, ఒక పత్రికవారు వ్యాసం ఉంచుకుని ఫొటోలు వద్దన్నారు. చూస్తే నాకూ వద్దనిపించింది. హరిశ్చంద్రుడి ముఖం పిండిముద్దలా ఉంది మరి!

ఆ వేషం కట్టే పెద్దాయనకు డెబ్బై దాటాయి. "వచ్చే ఏటికి ఈ గొంతు ఉంటదో లేదో అబ్బయ్యా, తీసేదేందో ఇప్పుడే తియ్యి" అన్నాడు. ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్ళ రాతల డబ్బు బ్యాంకులో ఉంది. దాని మీద మా అమ్మకూ కన్నుంది. రెండెకరాల బత్తాయి తోటలో బోరు ఎండిపోయింది. "చెట్లు ఎండినాక బొమ్మలు తీసుకుంటావా?" అని ఒకేఒక్క మాట అని ఊరుకుంది. ఊరుకోవడమే ఎక్కువ బాధ!

ఇప్పుడొచ్చేవన్నీ మిర్రర్‌లెస్ కెమేరాలు. అంటే లోపల టపటపా లేచి పడే అద్దం ఉండదు. నా చూపు రెండింటి మీద పడింది. రెండూ కేనన్ వారివే, రెండూ 2023 ఫిబ్రవరిలో ఒకే రోజు ప్రకటించినవే. సినిమాల్లో కవలల్లాగా! ఒకడు ఆర్8, ఇంకొకడు ఆర్50. ఇద్దరికీ ఒకే రకం బ్యాటరీ, ఇద్దరికీ 24 మెగాపిక్సెళ్ళే. ఒకడి బరువు 461 గ్రాములు, ఇంకొకడిది 375. తేడా అంతా లోపలి సెన్సారులో. సెన్సారంటే ఫిల్ముకు బదులు వెలుగును పట్టే పలక అనుకోండి (మా ఊరివాణ్ణి గదా, నాకు పలకే తోస్తుంది). పెద్దవాడి పలక 36 మి.మీ. వెడల్పు, 24 ఎత్తు. దీన్నే ఫుల్‌ఫ్రేమ్ అంటారు. చిన్నవాడిది 22.3, 14.9. వైశాల్యంలో పెద్దది రెండున్నర రెట్ల పైమాటే. ధరలోనూ ఆ తమ్ముడికి ఈ అన్న రెట్టింపు దాటాడు.

"ప్రొఫెషనల్ అన్నాక ఫుల్‌ఫ్రేమే ఉండాలి" అని ఊదరగొట్టే స్నేహితులు మీకూ ఉంటారు. నాకు ముగ్గురున్నారు. ఒక్కరూ డబ్బిస్తామనలేదు!

నిజానికి ఈ "ఫుల్" అన్న పేరు ఎక్కడిదంటే, సినిమా వాళ్ళ దగ్గర అరువు తెచ్చిన ఫిల్ము నుంచే. సినిమాకు 35 ఎంఎం ఫిల్ము నిలువుగా నడుస్తుంది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అదే ఫిల్మును అడ్డంగా తిప్పి, 36కు 24 మి.మీ. ఫొటో తీసే చేతి కెమేరా తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో బజారులోకొచ్చింది. ఆ కొలతే ఇవాళ్టి ఫుల్‌ఫ్రేమ్. 1954లో హాలీవుడ్ పారమౌంట్ వారు సినిమాకూ ఫిల్మును అడ్డంగా తిప్పి విస్టావిజన్ అన్నారు. 2024లో వచ్చిన "ది బ్రూటలిస్ట్" ఆ పద్ధతిలోనే తీశారు. కానీ మనం ఈలలు వేసిన సినిమాల్లో చాలా భాగం నిలువు ఫిల్ము మీదివే. తెలుగులో తొలి సినిమాస్కోప్ "అల్లూరి సీతారామరాజు" (1974)కు వి.ఎస్.ఆర్. స్వామిగారు పట్టుకున్నదీ 35 ఎంఎం కెమేరానే. "షోలే" (1975) 70 ఎంఎం తెర మీద అదరగొట్టిందా? దాని నెగెటివ్ 35 ఎంఎం, ప్రింటు మాత్రం పెంచి వేసింది! అంటే చిన్నవాడి సెన్సారు వెడల్పూ, "మాయాబజార్" ఫ్రేము వెడల్పూ దాదాపు ఒకటే. నా ముగ్గురు స్నేహితులకూ ఈ ముక్క చెబితే టీ డబ్బులు వాళ్ళే ఇచ్చారు.

అలాగని పెద్ద సెన్సారు వట్టిదని కాదు. వాన పడుతుంటే పెరట్లో గంగాళం పెడితే ఎక్కువ నీళ్ళు పడతాయి, గిన్నె పెడితే తక్కువ. వెలుగూ అంతే. వెలుగు తక్కువైతే బొమ్మ మీద ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. గంగాళానికి ఆ గరుకు తక్కువ. కాని వానే సన్నగా పడితే గంగాళం ఏం చేస్తుంది? వానను ఎంత వదలాలో చెప్పేది లెన్సు. ఆర్8తో కలిపి ఇచ్చే 24-50 లెన్సు ఎఫ్ 4.5 నుంచి 6.3. ఆర్50కి సిగ్మా వారి 30 ఎంఎం, ఎఫ్ 1.4 లెన్సు దొరుకుతుంది. సంఖ్య తగ్గేకొద్దీ కన్ను విచ్చుకుంటుందన్నమాట. ముఖం దగ్గరికి లాగి తీస్తే మొదటిది వదిలే వెలుగుకు రెండోది ఇరవై రెట్లు వదులుతుంది. సెన్సారు చిన్నదైన నష్టం పోగా ఇంకా ఏడెనిమిది రెట్లు లాభం!

మరి పెద్దవాడికే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే? అప్పుడు పెద్దవాడే గెలుస్తాడు, ఒకటిన్నర రెట్లు. లెక్క దగ్గర మొహమాటం లేదు. ఆ ఒకటిన్నర కోసం బత్తాయి తోటను పణం పెట్టాలా అన్నదే ప్రశ్న.

మార్కాపురం రోడ్డులో రైలెక్కి విజయవాడ వెళ్ళాను. షాపు కుర్రాడు మంచివాడు. "స్టోరు గదిలోకి రానిస్తావా తమ్ముడూ, చీకట్లో చూడాలి" అంటే నవ్వి రానిచ్చాడు. వాడి ముఖాన్నే రెండు కెమేరాలతో ఐఎస్ఓ 6400లో తీసి, కంప్యూటరులో పక్కపక్కన పెట్టించాను. బాగా పెంచితే చిన్నదాంట్లో చెంప మీద గరుకు తెలిసింది. పత్రికలో అరపేజీ అంతకు తగ్గిస్తే తెలియలేదు. ఈ 24 మెగాపిక్సెళ్ళు మేలైన అచ్చులో 20 అంగుళాల వెడల్పు దాకా వస్తాయి. మన పత్రిక పేజీ అంత ఉందా? పెద్దవాడితో తీస్తే వెనక పరదా ఇంకా మసకైపోతుందని కుర్రాడు ఊరించాడు. నాకు ఆ పరదా కావాలయ్యా! దాని మీద వేసిన కోటా, తోటా లేకపోతే నాటకమేముంది? వీడియోలో పెద్దవాడు 4కె సెకనుకు 60 ఫ్రేములు తీస్తాడట, చిన్నవాడు 30. సినిమా నడిచిందే 24తో!

చిన్నవాణ్ణి, సిగ్మా లెన్సును సంచిలో వేసుకుని వచ్చాను. మిగిలిన డబ్బు అమ్మ చేతికిచ్చాను. లెక్కపెట్టి, కొంగున కట్టి, "అన్నం తిన్నావా?" అంది. బోరుబండి ఇంకా మా తోటకు రాలేదు. ఎండాకాలంలో దాని డేట్లు స్టార్ హీరో డేట్ల కన్నా కష్టం!

తర్వాతి తిరునాళ్ళకు వెళ్ళాను. ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది కనుక షట్టరు వందోవంతు మీదే ఉంచాను. అంతకన్నా వేగం పెంచితే బొమ్మ మీద చారలు పడే ప్రమాదముంది. కాటి సీనులో పెద్దాయన కర్ర ఆనించి తల పైకెత్తాడు. గొంతు నరాలు, కంటి కింద చెమట, మసి... అన్నీ వచ్చాయి. మొన్న ఆ ప్రింటు పట్టుకెళ్ళి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఏందబ్బయ్యా," అన్నాడు చివరికి, "మీసం ఒకపక్క ఊడొస్తుంటే అప్పుడే చెప్పొద్దా?"