సనదు లేని చిత్రం

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత, ఆదోనిలోని మా మద్రసా వరండాలో కొందరు యువకులు నా చుట్టూ కూర్చున్నారు. మాటల్లో గాజా ప్రస్తావన వచ్చింది. ముందురోజు నా ఫోనుకు చేరిన ఒక చిత్రాన్ని వారికి చూపించాను. ఆకాశం నుంచి తీసిన చిత్రమది. కూలిన గోడలు, రాళ్ల గుట్టలు, వాటి నడుమ ఒంటరిగా నిలిచిన ఒక గుమ్మటం. “గాజాలో అల్లాహ్ గృహానికి పట్టిన గతి చూడండి” అన్నాను. కొందరి కళ్లు చెమర్చాయి.

అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక పూర్వ విద్యార్థి ఆగాడు. అతనిది ఎమ్మిగనూరులోని నేత కుటుంబం. మగ్గం తండ్రితోనే ఆగిపోయింది. ఇతడు పెళ్లిళ్లకు డ్రోన్‌తో ఫొటోలు తీస్తూ జీవనం సాగిస్తున్నాడు. తల వంచుకొని, “హజ్రత్, తప్పుగా అనుకోవద్దు. ఆ ఫొటో గాజాది కాదు, ఇరాక్‌లోని మోసుల్‌ది” అన్నాడు.

అది అన్‌నూరీ మస్జిద్. 12వ శతాబ్దంలో నూరుద్దీన్ జంగీ కట్టించినది. ‘అల్ హద్బా’ అని పిలిచే దాని వాలిన మినార్‌ను మోసుల్ ప్రజలు తమ నగరానికి గుర్తుగా భావించేవారు. 2017 జూన్ 21న, పవిత్ర రమజాన్ మాసంలో, ఆ మస్జిద్‌ను పేల్చివేసినది పరాయివారు కాదు, ఇస్లాం పేరు చెప్పుకొన్న దాయిష్ ముఠాయే.

నేను సిగ్గుతో మౌనం వహించాను. హదీసు బోధించేవాడిని నేను. ఎవరు విన్నారు, ఎవరి నుంచి విన్నారు, ఆ ఇద్దరూ ఒకే కాలంలో జీవించారా అని ప్రతి ఉల్లేఖనం సనదును పరిశీలించాలని పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నాను. వచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా నమ్మవద్దని సూరె హుజురాత్ ఆదేశిస్తున్నది. ఆ పాఠం చెప్పిన నోటితోనే సనదు లేని చిత్రానికి సాక్ష్యం పలికాను.

గాజాలో మస్జిద్‌లు కూలలేదని కాదు. అక్కడి ప్రాచీన ఉమరీ మస్జిద్ 2023 డిసెంబరులో ఇజ్రాయెల్ దాడిలో ధ్వంసమైంది. నిజమైన గాయానికి తప్పుడు సాక్ష్యం జోడిస్తే, వినేవారికి ఆ గాయం మీదనే అనుమానం కలుగుతుంది. పీడితుడికి మనం చేసే మేలు ఇదేనా?

“మరి ఏ చిత్రాన్ని నమ్మాలి?” అని అడిగాను. అతడు ఓపికగా వివరించాడు. డ్రోన్ తీసే ప్రతి ఫొటోలో తీసిన తేదీ, సమయం, స్థలం నమోదవుతాయట. యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాన్ని నమోదు చేసేటప్పుడు, దున్నే రైతు సాలు వెంట సాలు వేసినట్టు డ్రోన్‌ను వరుసలుగా నడుపుతారు. ప్రతి ఫొటో ముందరి ఫొటోలో చాలా భాగాన్ని కప్పుతూ సాగుతుంది. వాటన్నింటినీ కంప్యూటరు కలిపి, కొలతలు తీయగల నమూనా తయారు చేస్తుంది. నేల మీద నిలబడితే గోడ మాత్రమే కనిపిస్తుంది. పైనుంచి చూస్తే కూలిన కప్పు తెలుస్తుంది. శిథిలాల్లో పేలని బాంబులు ఉండవచ్చు కనుక, మనిషి అడుగు పెట్టకముందే చూడగలగడం పెద్ద మేలు. అన్‌నూరీ మస్జిద్ గోడలోనే అటువంటి బాంబులు 2024లో బయటపడ్డాయి. యునెస్కో ఆధ్వర్యంలో పునర్నిర్మాణం పూర్తయి, 2025 సెప్టెంబరు 1న ఆ మస్జిద్‌ను తిరిగి ప్రారంభించారు.

కొన్ని రోజుల తరువాత అతడు అవసరమైన అనుమతులు తీసుకొని మన ఆదోని జామియా మస్జిద్ మీదుగా డ్రోన్ ఎగురవేశాడు. ఆ చిన్న తెర మీద ప్రాంగణం, మినార్లు, ఆ వెనుక కోట కొండలు కనిపించాయి. 17వ శతాబ్దంలో ఈ మస్జిద్‌ను కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ బీజాపూర్ పక్షాన ఆదోనిని పాలించాడు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించాడు. మస్జిద్ మీద ఫిరంగులు గురిపెట్టగా, అది కూలడం చూడలేక మసూద్ ఖాన్ కోటను అప్పగించాడని పెద్దలు చెబుతారు. ఇది తరతరాల నోటి మాట. దీన్ని అలాగే చెప్పాలి తప్ప, కళ్లారా చూసినట్టు చెప్పకూడదు.

కొండ మీద కూలిన గోడలను చూపి, “ఇది ఎవరు చేసిన పని హజ్రత్?” అని అడిగాడు. 1786లో టిప్పు సుల్తాన్ ఆదోనిని జయించి కోట గోడలను పడగొట్టించాడు. అయితే ఏ రాయి ఆనాడు పడిందో, ఏది తరువాతి వానలకు జారిందో ఈ చిత్రం చెప్పదు. చిత్రం దెబ్బను చూపుతుంది. దెబ్బ ఎవరిదో తెలియాలంటే వేరే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం మనవారికి వ్యతిరేకమైనా దాచకూడదు. మనకే వ్యతిరేకమైనా సరే, న్యాయంగా సాక్ష్యమివ్వమని సూరె నిసా ఆజ్ఞాపిస్తున్నది కదా!

మరుసటి శుక్రవారం అదే వరండాలో, అదే యువకుల ముందు నా పొరపాటును ఒప్పుకున్నాను. కూల్చినది ఎవరో కూడా చెప్పాను. ఒక కుర్రవాడు వెంటనే ఫోను తీసి, తాను పదిమందికి పంపిన ఆ చిత్రం కింద దిద్దుబాటు రాయసాగాడు. నా శిష్యుడు వెనుక వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు సనదు పాఠంలో నేనే విద్యార్థిని.

అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్లను కూడా అసత్య సాక్ష్యం నుంచి కాపాడుగాక! ఆమీన్.