అల్పకాయులు

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మాకు పెద్దతనమన్న చిన్ననాటి నుంచీ మక్కువ ఎక్కువ. రేవులోకి వచ్చే ఓడలలో ఏది పెద్దదో పందెం వేసుకొనేవాళ్ళం. ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలను దూరం నుంచి చూచి గర్వించేవాళ్ళం. జీవపరిణామమంటే కూడా చిన్న ప్రాణి క్రమక్రమంగా పెద్దదై ఘనత వహించడమే అని తలచాము. ఇంటి గోడవార కీచుమంటూ పరుగెత్తే చుంచును (మా ఇళ్ళలో దానిని ఉర్దూలో ఛఛూందర్ అంటారు) చీపురుతో తరమడమే తప్ప ఏనాడూ పరికించి చూడలేదు.

ఆ తలపును తారుమారు చేసినది ఒక పంటి కథ. తెలంగాణలో వికారాబాదు ప్రాంతాన నస్కల్ అనే గ్రామమున్నది. అక్కడ దక్కను లావా పొరల నడుమ చిక్కిన మట్టిని కడిగి జల్లించగా ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్ళు దొరికినవి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీలు వాటిని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. భారతదేశంలో లభించిన తొలి క్రెటేషియస్ యుగపు క్షీరదమది. పేరు దక్కనోలెస్టిస్, చుంచును పోలిన చిరుప్రాణి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రిందట రాక్షసబల్లులు అంతరించినప్పుడు బ్రతికి బయటపడిన క్షీరదాలు దాదాపు అన్నీ చిన్న దేహాలవే.

ఖాళీ అయిన లోకంలో పిమ్మట కొన్ని వంశాలు విపరీతంగా పెరిగినవి. జమ్ము ప్రాంతపు కాలాకోట్‌లో దొరికిన ఇండోహ్యూస్‌కు 1971లో ఎ. రంగారావు నామకరణం చేశారు. పిల్లి పాటి ఆ గిట్టల జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో తేలినది. నేటి నీలి తిమింగలమో, 30 మీటర్ల వరకు పెరుగుతుంది!

అయితే దేహాలను గాక జాతులను లెక్కించి చూడండి. నేడున్న సుమారు 6,500 క్షీరద జాతులలో అయిదింట రెండు వంతులు ఎలుక, ఉడుత వంటి కొరికే జంతువులు. అయిదింట ఒక వంతు గబ్బిలాలు. ఏనుగులు మూడే జాతులు. చిన్న ప్రాణికి కొద్దిపాటి తిండి, కొద్దిపాటి చోటు చాలును; తరాలు త్వరగా మారును; కొండకొక తీరుగా, చెట్టుకొక తీరుగా చీలుటకు వీలెక్కువ. పెద్ద జంతువుకు విశాలమైన అడవి కావాలి, ఈతకూ ఈతకూ ఏళ్ళు పట్టును. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో 1880ల నాటి త్రవ్వకాలలో ఖడ్గమృగపు అవశేషాలు బయల్పడినవి. నేడు ఆ సీమలో ఆ మృగం లేదు.

చిన్నతనమే శాశ్వత రక్షణ అని మేమనడం లేదు. దక్కనోలెస్టిస్ సైతం గతించినది. కాని ఘనతను కొలిచే మా కొలబద్ద ఒక్కటే కాదని తెలిసివచ్చినది. సోదర విద్యార్థులారా, రేవులో పెద్ద ఓడ వస్తే ఇప్పటికీ మేము చూడడానికి పోతాము. ఇంట చుంచు కనిపిస్తే మాత్రం, చీపురు కోసం చాచిన చేయి ఒక్క క్షణం ఆగుతున్నది.