వల్లూరు సోలారు ప్లేట్లు, మా అల్లుడి మదర్‌బోర్డు

మన మిల్లు కుటుంబాల్లో పావగడ పక్క చుట్టరికం ఉన్నోళ్ళకు వల్లూరు పేరు కొత్త కాదు. తెలియనోళ్ళ కోసం దారి చెప్తాను. బెంగుళూరు మెజెస్టిక్‌లో పావగడ బస్సెక్కితే తుమకూరు, కొరటగెరె, మధుగిరి మీదుగా పోతుంది. మధుగిరిలో ఊరి నెత్తిన కూర్చున్నట్టుండే ఆ ఒంటిరాతి కొండను కిటికీలోంచైనా చూడాల. పావగడలో దిగి శని మహాత్ముని గుళ్ళో దండం పెట్టుకొని, తిరుమణి వైపు పోయే బస్సో ఆటోనో పట్టుకోవాల.

పావగడ తాలూకా ఉండేది కర్ణాటకలో, మూడు పక్కలా ఆంధ్రా. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. బస్సు మీద బోర్డు కన్నడంలో ఉంటుంది, బస్సు లోపల సీటు కోసం గొడవ తెలుగులో జరుగుతుంది.

మా చెల్లెల్ని వల్లూరుకు ఇచ్చినప్పుడు అదంతా చెనక్కాయ చేన్లు. వాన వస్తే పంట, రాకుంటే వలస. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. వాన రాని ఏడు మూటలు కట్టుకొని బెంగుళూరు చేరిన వాళ్ళు మన మిల్లు లైన్లలో ఎంతమంది ఉండేవాళ్ళో మీకు తెలుసు.

ఇప్పుడు పోతే చేను కనపడదు. కంటికి ఆనినంత దూరం నల్లటి సోలారు ప్లేట్లే. తిరుమణి, వల్లూరు, బళసముద్ర, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ అయిదు ఊర్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో పరిచారు. 2018 మార్చి 1న మొదలుపెట్టారు, 2019 చివరికి మొత్తం 2,050 మెగావాట్లు పూర్తయింది. భూమి కొనలేదు, కవులుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి నూటికి 5 పెంపు. భూమి ఉన్నోళ్ళకు వాన రాకున్నా అన్నం. భూమి లేని కూలోళ్ళకు కవులు రాదు, కలుపు పనీ లేదు. వాళ్ళలో కొందరికి ప్లేట్లు కడిగే పని, గడ్డి కోసే పని, కాపలా పని దొరికింది.

మా చెల్లెలికి రెండెకరాలు. దాని కొడుకు, నా మేనల్లుడు, కొన్నాళ్ళు ప్లేట్లు కడిగి పదివేలు కూడబెట్టినాడు. పెళ్ళి వీడియోలు కత్తిరించి కూర్చే పని నేర్చుకున్నాడు. ఎవరో వాడి వదిలేసిన ప్రాసెసరు ఒకటి సంపాదించినాడు. రైజెన్ 5 1600 అంట, 2017లో వచ్చింది. "మామా, దీనికి మంచి మదర్‌బోర్డు పెట్టి స్పీడు పెంచుతా, పదివేలూ దానికే" అన్నాడు. చెల్లెలు, "చిన్నదాని కాలేజి ఫీజు కట్టాల. నువ్వన్నా చెప్పన్నా" అనింది.

కంప్యూటరు నాకు రాదు. కానీ స్పీడు పెంచడమంటే ఏమో రింగ్ ఫ్రేము మీద ముప్పై ఏళ్ళు పనిచేసినోడికి తెలుసు. మోటారు పుల్లీ మార్చితే కదుర్లు జోరుగా తిరుగుతాయి. నూలు జాస్తి వస్తుంది. దాంతోపాటే ట్రావెలర్లు కాలిపోతాయి, పోగులు తెగుతాయి, బేరింగులు అరుస్తాయి. మోటారుకు సత్తువ ఉందా, వేడి ఎట్లా పోతుంది అని అడగకుండా పుల్లీ ముట్టుకోకూడదు. అదే మాట వాణ్ణి అడిగినాను. వాడు నేల మీద సుద్దతో గీసి చెప్పినాడు.

బోర్డులో ప్రాసెసరు పక్కనే కరెంటు దించే భాగం ఉంటుంది. 12 వోల్టులు తీసుకొని 1.3 వోల్టుల దాకా దించి ఇస్తుంది. వోల్టులు తగ్గేకొద్దీ ఆంపియర్లు పెరుగుతాయి. 100 వాట్లకు 75 ఆంపియర్ల పైన. మనింట్లో 750 వాట్ల మిక్సీ తీసుకునేది మూడు చిల్లర ఆంపియర్లే. కాబట్టి ఆ భాగం మీద అల్యూమినియం దిమ్మె లేని బోర్డు ఎండాకాలం వల్లూరులో నిలవదు.

ఇంకో లెక్క. స్పీడు 3.4 నుంచి 3.8 గిగాహెర్ట్జ్‌కు పెంచితే నూటికి 12 లాభం. దానికోసం వోల్టులు 1.2 నుంచి 1.35కు పెంచాల్సి వస్తే వేడి నూటికి 40 పెరుగుతుంది. వోల్టు పెంపు రెండింతలుగా కొడుతుంది.

ఇద్దరమూ బెంగుళూరు ఎస్పీ రోడ్డుకు పోయినాము. సదర్ పత్రప్ప రోడ్డు దాని పూర్తి పేరు. కొత్తవీ పాతవీ కంప్యూటరు సామాన్లన్నీ అక్కడే. ఒక అంగట్లో ఏ320 బోర్డు చవగ్గా చూపించినారు. ప్రాసెసరు దాంట్లో కూర్చుంటుంది గానీ స్పీడు పెంచనివ్వదు. ఇంకో అంగట్లో బీ550 కొత్తది చూపించినారు. ఖరీదు ఎక్కువ, పైగా మొదటి తరం రైజెన్‌కు అది సరిపడదు. పనికొచ్చేది బీ350 గానీ బీ450 గానీ. చివరికి దిమ్మె ఉన్న పాత బీ450 ఒకటి 4,500కు కుదిరింది. ఈ ప్రాసెసరు సొంతంగా బొమ్మ చూపించదు, అందుకని గ్రాఫిక్స్ కార్డు వెంట తీసుకుపోయి, అంగట్లోనే ఆడించి చూసి డబ్బిచ్చినాము.

మిగిలిన దాంట్లో 2,800 పెట్టి యూపీఎస్ కొనిపించినాను. వాడు ముఖం ముడుచుకున్నాడు. ఊళ్ళో ఉన్నట్టుండి కరెంటు పోతే సగం చేసిన పెళ్ళి వీడియో పోతుంది. పది నిమిషాలు నిలబడితే పని దాచుకొని ఆపుకోవచ్చు. పార్కు కరెంటు పెద్ద తీగల మీద ఎక్కడికో పోతుంది. చెల్లెలు నవ్వుతా, "మన చేన్లో పండేది కరెంటే అన్నా, మనింటికి మాత్రం బిల్లు వస్తుంది" అనింది. మిగతా 2,700 దాని చేతికే ఇచ్చినాడు అల్లుడు.

వల్లూరులో 3.8 పెట్టి చూసినాము. మధ్యాన్నం రేకుల గదిలో వేడి 90 డిగ్రీలకు పాకింది. 3.7కు దించి, వోల్టులు కూడా తగ్గిస్తే 80 దాటలేదు. గంట పట్టే పని 55 నిమిషాల్లో అవుతోంది. లాభం అయిదు నిమిషాలు. రోజుకు ఆరు వీడియోలకు అరగంట. అది చిన్నదేమీ కాదు, అట్లాగని దానికి పదివేలు పెట్టేంతా కాదు.

మన లైన్లలో పిల్లలు ఇట్లాంటి సామాను అడిగితే వద్దనకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ ప్రాసెసరుకు ఈ బోర్డు సరిపడుతుందా? స్పీడు పెంచనిస్తుందా? కరెంటు దించే చోట దిమ్మె ఉందా? జవాబు చెప్పగలిగిన పిల్లోడికి డబ్బు ఇవ్వొచ్చు.