అలసిన వాళ్ల పండగ

ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం వెలుగుతోంది గానీ, ఈ ఏడు మనసులో పండగ లేదు. ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. ఇలాంటప్పుడే మెదక్ చర్చి గుర్తొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో, ఆకలిగొన్నవాళ్లకు పనీ తిండీ దొరకాలని పాస్నెట్ అనే మిషనరీ దొర కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. దాన్ని నిలబెట్టింది సంబరం కాదు, కష్టం.

లూకా సువార్తలోనూ యేసు పుట్టాడన్న శుభవార్త ముందు అందింది రాత్రి మందను కాస్తున్న కాపరులకే. వాళ్లు తీరిక చేసుకుని దేవుణ్ణి వెతకలేదు. పనిలో ఉండగానే కబురొచ్చింది.

అందుకే లేని ఉత్సాహం తెచ్చిపెట్టుకోను. ఈ అలసటతోనే ఆరాధనకు వెళ్తాను. నాకు పాట అందకపోతే పక్కవాళ్లు పాడతారు. మళ్లీ నేను పాడేవరకూ నా ఆశ వాళ్ల గొంతుల్లో ఉంటుంది.