తల్లిపిల్లిని చూపని బేరం

వీధిపిల్లి తనంతట తానే గడప దాటి వచ్చి ఇంటి మనిషి అవుతుంది. దానికి ధర లేదు గనుక మోసమూ లేదు. పర్షియన్ పిల్లికూన సంగతి వేరు. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అంటూ ముఖం ఎంత నొక్కుకుపోతే అంత ధర పలుకుతుంది. వేల రూపాయల ఈ బేరంలో జాతి ఏమిటో చెప్పేదీ అమ్మేవాడే, అది నిజమని ధ్రువీకరించేదీ అమ్మేవాడే.

మోసం నడిచే క్రమం దాదాపు ఎప్పుడూ ఒకటే. ముద్దులొలికే ఫోటో, మార్కెట్లో సగం ధర, బదిలీ మీద వెళ్తున్న సైనికోద్యోగినని చెప్పుకునే గొంతు. మొదట అడిగే అడ్వాన్సు చిన్నదే. అది అందాక విమాన రవాణాకు, తర్వాత పంజరానికి, ఆపైన బీమాకు సొమ్ము అడుగుతారు. కూన చేరగానే తిరిగి ఇస్తామన్న హామీ ప్రతిసారీ ఉంటుంది. చివరికి, డబ్బు పంపకపోతే కూన విమానాశ్రయంలో ఆకలితో చస్తుందన్న బెదిరింపు. అప్పటికే ఇంట్లో పిల్లలు దానికి పేరు పెట్టేసి ఉంటారు. ఆ పేరే మోసగాడి పెట్టుబడి.

రెండో రకం మోసంలో కూన నిజంగానే ఇంటికి వస్తుంది. పాలు మరవని వయసులో, జబ్బుతో, దొంగ టీకా కార్డుతో వస్తుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల వ్యవధితో పదహారు వారాల దాకా సాగుతాయి. ఆరు వారాల కూనకు టీకాలన్నీ పూర్తయ్యాయనే మాటే అబద్ధానికి సాక్ష్యం.

ఇక చట్టం సంగతి. కుక్కల పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలని 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. పిల్లుల పెంపకందారులకు అలాంటివి లేవు. 2018 నాటి నిబంధనలు పెంపుడు జంతువుల దుకాణాలకు వర్తిస్తాయి. ఎనిమిది వారాల లోపు కూనలను అమ్మరాదంటాయి. కానీ ఈ వ్యాపారంలో పెద్ద భాగం ఇళ్లలో, ఫోన్లలో సాగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దాన్ని సవరించే ముసాయిదాను 2022 నవంబరులో ప్రజాభిప్రాయానికి పెట్టారు. గోడమీద పిల్లి అన్న మాట రాజకీయ నాయకులకే కాదు, ఈ విషయంలో ప్రభుత్వానికీ సరిపోతుంది.

మోసానికి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అయితే ఫోన్ నంబరు ఒకరిది, బ్యాంకు ఖాతా మరొకరిది అయినచోట నేరగాణ్ని పట్టుకోవడం తేలిక కాదు. పిల్లి కోసం పోలీసు స్టేషను మెట్లెక్కడమేమిటన్న సిగ్గు అతనికి అదనపు రక్షణ. వెంటనే 1930కి ఫోన్ చేస్తే సొమ్ము చేతులు మారకముందే నిలిపే అవకాశం ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

బర్రె నీళ్లలో ఉండగా గట్టున బేరమాడరాదన్నది రైతుల ఇంగితం. ఫోటో చూసి డబ్బు పంపడం అలాంటి బేరమే. కూనను, దాని తల్లిని, అవి పెరుగుతున్న ఇంటిని కళ్లారా చూడాలి. వంశపత్రం మీది నంబరును దాన్ని జారీ చేసిన సంస్థనే నేరుగా అడిగి సరిచూసుకోవాలి. పర్షియన్ జాతిలో మూత్రపిండాల్లో తిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఉంది. తల్లిదండ్రులకు చేసిన జన్యుపరీక్ష నివేదిక అడగాలి. టీకా పుస్తకంలో పశువైద్యుడి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పూర్తి సొమ్ము ఇచ్చేముందు తమకు తెలిసిన వైద్యుడికి కూనను చూపించి, పేరు, చిరునామా ఉన్న రసీదు తీసుకోవాలి. అడ్వాన్సు తిరిగి పంపుతామంటూ యూపీఐ పిన్ కొట్టమంటే అక్కడే ఆగాలి; సొమ్ము అందుకోవడానికి పిన్ అక్కర్లేదు.

ఈ ప్రశ్నలు నిజాయితీగల పెంపకందారుకు అవమానం కాదు, ఆసరా. దొంగ సగం ధరకు అమ్ముతానంటుంటే నష్టపోయేది ముందుగా అతడే. నిబంధనలు వచ్చేదాకా ఆ తేడా పట్టుకునే భారం కొనేవారిదే. తల్లిపిల్లిని చూపడానికి వెనుకాడేవాణ్ని మరో ప్రశ్న అడగనవసరం లేదు.