జాబితాలో లేని పేరు



తెలుగు పండితుడికి రగ్బీతో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. గడచిన వేసవిలో లీడ్స్ నగరంలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళేదాకా నాకూ దానితో ఏ సంబంధమూ లేదు. హెడింగ్లీ అన్న పేరు మాత్రం, 1986లో మన క్రికెట్ జట్టు అక్కడ గెలిచిన నాటినుండీ చెవిలో ఉన్నది. ఆ మైదానం చూపించమని అల్లుణ్ణి అడిగాను. "దాని వెనకాలే రగ్బీ లీగ్ మైదానం కూడా ఉంది మామయ్యగారూ, అదీ చూద్దాం" అని ఒక సాయంత్రం ఆటకే తీసుకువెళ్ళాడు.

జట్టుకు పదముగ్గురు. మొదట నాకది కబడ్డీ, కుస్తీ కలగలిసినట్లు తోచింది. మనవడు ఒక్క నియమం చెప్పాడు: "తాతయ్యా, బంతి పట్టుకొని ముందుకు పరుగెత్తవచ్చు, కానీ చేత్తో అందిస్తే మాత్రం వెనక ఉన్నవాడికే అందించాలి." ఈ నియమం పెట్టినవాడు తప్పకుండా బడిపంతులై ఉంటాడనుకున్నాను.

ఆ ఆసక్తితో చదువగా తెలిసినది, ఇది శ్రామికుల ఆట అని. గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసేవారు ఆటకోసం వదులుకున్న కూలిని ఇవ్వాలా వద్దా అన్న తగవులో, 1895లో ఉత్తర ఇంగ్లండు క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై వేరుపడినాయి. ఆ చరిత్ర చదువుతుండగానే రాయ్ ఫ్రాన్సిస్ పేరు కంటబడింది. అక్కడినుండి నాకు నిద్ర చెడింది.

ఫ్రాన్సిస్ 1919లో పుట్టిన నల్లజాతివాడు. వేల్స్‌లోని బ్రిన్‌మౌర్‌లో పెరిగి, పదిహేడేళ్ళకే విగన్ జట్టులో చేరాడు. తరువాత బారో, వారింగ్టన్, హల్ జట్లకు ఆడాడు. మెరుపు వేగం గల వింగ్ ఆటగాడు. యుద్ధం ముగిసి 1946లో బ్రిటిషు జట్టు ఆస్ట్రేలియా పర్యటనకు బయలుదేరినప్పుడు అతని పేరు జాబితాలో లేదు. ఆస్ట్రేలియాలో నాడు అమలులో ఉన్న వర్ణవివక్షకు జంకి అతణ్ణి పక్కన పెట్టారని చెబుతారు. జట్టు ప్రయాణించిన యుద్ధనౌక పేరు ఇండామిటబుల్, అంటే లొంగనిది అని అర్థం. ఎంపిక చేసినవారు మాత్రం ఓడ ఎక్కకముందే లొంగిపోయారు. మరుసటి ఏడు న్యూజిలాండ్ మీద ఆడనిస్తే రెండు ట్రైలు సాధించాడు. దేశం తరఫున అతడాడినది ఆ ఒక్క ఆటే.

మరొకడైతే ఆ చేదుతో ముగిసిపోయేవాడు. ఫ్రాన్సిస్ హల్ జట్టుకు ఆడుతూనే శిక్షకుడైనాడు. బ్రిటన్ వృత్తిక్రీడలలో తొలి నల్లజాతి శిక్షకుడిగా చరిత్రకారులు అతణ్ణి పేర్కొంటారు. ఆటల ఫిల్ములు వేసి చూపించి తప్పొప్పులు చెప్పడం, ఒక్కొక్కరి మనస్సు ఎరిగి మాట్లాడడం, ఆటగాళ్ళ ఆలుబిడ్డలను కూడా జట్టులోనివారిగానే చూడడం ఆ కాలానికి కొత్త సంగతులు. హల్ 1956లోనూ 1958లోనూ విజేత అయింది. 1963లో లీడ్స్‌కు వచ్చాడు. 1968లో వెంబ్లీలో, వాననీటితో మడుగైన మైదానంలో, లీడ్స్ 11-10తో వేక్‌ఫీల్డ్ మీద ఛాలెంజ్ కప్పు గెలిచింది. ఆఖరి క్షణంలో వేక్‌ఫీల్డ్ ఆటగాడు డాన్ ఫాక్స్ గుంజలకు ఎదురుగా నిలిచి తన్నిన సులువైన బంతి గురి తప్పడంవల్ల దక్కిన గెలుపది. ఆ మరుసటి ఏడు ఫ్రాన్సిస్ సిడ్నీకి శిక్షకుడై వెళ్ళాడు. ఆటగాడుగా ఏ దేశానికి తనను తీసుకుపోలేదో ఆ దేశానికే! 1989లో కన్నుమూశాడు.

ఇంతవరకు చదివి "ఎంత గొప్పవాడు" అని పుస్తకం మూసివేయగలిగితే ఈ టపా ఉండేది కాదు. నాకు నిద్ర పట్టనివ్వనివాడు ఫ్రాన్సిస్ కాడు, ఆ జాబితా వ్రాసినవాడు.

1987లో నేనొక ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరాను. జిల్లా స్థాయి పద్యపఠన పోటీకి ఒక విద్యార్థిని పంపాలి. ఊరి చివరి వాడనుండి వచ్చే పిల్లవాడు ఒకడు తొమ్మిదవ తరగతిలో ఉండేవాడు. ఊపిరి ఎక్కడ నిలపాలో, ఏ పదం మీద గొంతు తగ్గించాలో వానికి ఎవరూ చెప్పనక్కరలేదు. వాని పేరే వ్రాశాను. పెద్దలలో ఒకరు కాగితం చూసి, "వేదికమీద మన బడికి తగినవాణ్ణి నిలబెట్టండి మాస్టారూ" అన్నారు. 'తగిన' అన్న ఆ విశేషణానికి అర్థమేమిటని అడుగవలసినవాణ్ణి నేనే, వ్యాకరణం చెప్పేవాణ్ణి కదా! అడుగలేదు. పేరు కొట్టివేసి మరొకటి వ్రాశాను. మాట వారిదైనా కలం నాదే.

ఆ నెలలోనే తరగతిలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శనం చెప్పాను. రంగం మీదికి వచ్చిన కర్ణుణ్ణి కృపాచార్యుడు వంశమేమిటని అడిగిన ఘట్టాన్ని ఆవేశంగా వివరించాను. ఆ పిల్లవాడు మూడవ వరుసలో కూర్చుని శ్రద్ధగా వింటున్నాడు. వాని కళ్ళలోకి చూడకుండానే పాఠం ముగించాను.

చాలా ఏళ్ళ తరువాత ఒక బస్టాండులో అతడే నన్ను గుర్తుపట్టాడు. వంగి పాదాలు తాకబోతే వారించాను. పక్కన ఎనిమిదేళ్ళ ఆడపిల్ల.

"మా అమ్మాయండీ మాస్టారూ. పద్యాలు నేనే చెప్తున్నాను, మీరు చెప్పినట్టే."

ఆ పాప సిగ్గుపడుతూనే ఒక పద్యం అప్పజెప్పింది. ఆగవలసిన చోటనే ఆగింది. పోటీ సంగతి ఎత్తుదామని నోరు తెరిచాను. ఇంతలో వాళ్ళ బస్సు వచ్చింది. నిజం చెప్పాలంటే, బస్సు రాకపోయినా ఎత్తేవాణ్ణి కానేమో.

అతని పేరు ఇక్కడ కూడా వ్రాయడం లేదు. అతణ్ణి అడుగకుండా ఆ పేరు కొట్టివేశాను. అడుగకుండా వ్రాసే హక్కు కూడా నాకు లేదు. ముందుగా అతణ్ణి వెతకాలి.