గ్రహణం పట్టిన పూట

1980 ఫిబ్రవరి 16, సంపూర్ణ సూర్యగ్రహణం. జపాల్-రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా శాస్త్రవేత్తలు ఆకాశానికి కళ్లప్పగించిన ఆ మధ్యాహ్నం, మా నాయనమ్మ ఆవకాయ జాడీ మీద దర్భపోచ వేసి తలుపులు బిగించింది. నేను నవ్వాను.

"పట్టు, విడుపు వేళలు పంచాంగంలో చూసే చెబుతున్నానురా" అంది.

అవి లెక్కకట్టింది గణితమేగా! గ్రహణమంటే నీడేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. అయినా రాహువు పోలేదు. లెక్కా కథా ఒకే పంచాంగంలో కాపురం చేస్తున్నాయి. పోనీ నమ్మకమైనా ఒక్క మాట మీదుందా? గ్రహణానికి తిరుమల గుడి మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు.

ఆవేళ తలుపు కంతలోంచి గచ్చుమీద పడ్డ వెలుగుచుక్క మెల్లగా నెలవంకైంది. ముందు చూసింది నాయనమ్మే. జపం ఆపి, ఒంగి చూస్తూ ఉండిపోయింది.